ముక్కు కింద అతుకు

అక్క గంగమ్మ కాళ్ళకు మొక్కి, తమ్ముడు నారాయణప్ప బెంగుళూరు పక్కనుండి తన చేత్తో తానే రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ నా ఒళ్ళు బాగానే ఉంది. అక్కడ నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? రమేష దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? సోమందేపల్లె దిక్కున వాన పడిందని ఎవరో చెప్పారు. మన ఊళ్ళో పడిందా, లేక ఎప్పటిలాగే మబ్బు వచ్చి, చూసి, పోయిందా? మీరంతా బాగున్నారనే అనుకుంటాను. దూరాన ఉన్నవాడికి అనుకోవడం తప్ప వేరే పని ఏముంది.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకురా అంటావు. ఫోనులో నీకు గిట్టని మాట వచ్చిందంటే "టవరు లేదురా నారాయణా" అని పెట్టేస్తావు. మొన్నా పెట్టేశావు, అంతకుముందూ పెట్టేశావు. ఉత్తరాన్ని అట్లా పెట్టేయలేవు. నీకు చదువు రాదు కాబట్టి నీ కొడుకే చదివి వినిపించాలి. రమేషా, ఇది మేనమామ మాట. ఉన్నది ఉన్నట్టు చదువు. నా అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయి, మూడో తరగతితో ఆగిన చదువు. అయినా ఒక్క ముక్క మింగావంటే నేను వచ్చినప్పుడు మీ అమ్మను అడిగి తెలుసుకుంటాను.

ముందు నా సంగతి చెబుతాను. లేకుంటే అక్క దిగులుపడుతుంది.

నేనుండేది గొర్రెల కొట్టం పక్కన ఒక గదిలో. గది మంచిదే. పైకప్పు కారదు, కుళాయిలో నీళ్ళు వస్తాయి. పొద్దున్నే లేచి పెంట ఊడవాలి, గడ్డి వేయాలి, తొట్టి కడగాలి. బతుకంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషిని, ఈ వయసులో గొర్రెల వెనక నడుస్తున్నాను. సాయంత్రానికి నడుము నాది కాదు. అయినా బాగానే ఉన్నాను, నువ్వు దిగులుపడొద్దు. కళ్ళకు పట్టుపోగు ఆనకుండా పోయిన నాడే ఈ నిర్ణయం చేసుకున్నాను. నీ ఇంట్లో కూర్చుని తింటే నువ్వు ఒక్క మాటా అనవు. అది నాకు తెలుసు. ఊరికే తినే కూడు నా గొంతులో దిగదు. అది నీకు తెలుసు.

తిండి సంగతి అడగొద్దు. ఈ ఊరివాళ్ళు సాంబారులో బెల్లం వేస్తారు. చట్నీలోనూ వేస్తారేమోనని నా అనుమానం. రాగిముద్ద ఒక్కటి మనది దొరుకుతుంది. దానిలోకి నంచుకోవడానికి ఏమీ ఉండదు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే చెనిక్కాయల పొడి ఒక డబ్బా పంపు. ఎండుమిరపకాయలు ఎక్కువ వేయి. నా పాత కంబళి కూడా పంపు. ఇక్కడ వాన అడగకుండానే పడుతుంది. రోడ్ల మీద పడుతుంది, కార్ల మీద పడుతుంది, ఒక్క గింజ విత్తనివాళ్ళ ఇళ్ళ మీద పడుతుంది. చూస్తుంటే ఒళ్ళు మండుతుంది.

అలిసిపోయాను అక్కా. పనికి కాదు. మగ్గం చప్పుడు లేని పగలు చెవుడు వచ్చినట్టు ఉంటుంది. మాట్లాడేవాళ్ళు లేరు. కొట్టంలో పనిచేసే కన్నడం వాడు ఒకడు నన్ను చూసినప్పుడల్లా "ఊట ఆయ్తా అజ్జా?" అంటాడు, తిన్నావా అని. తిన్నాను అంటాను. అక్కడితో మా కబుర్లు అయిపోతాయి. సరే, పోనీ. బాగానే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రమేషా, గొంతు సవరించుకో.

ఈ కొట్టం పాలకోసమో మాంసంకోసమో పెట్టింది కాదు. తల్లి కడుపులో పిల్ల ఎట్లా తయారవుతుందో చూడడానికి చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న చోటు. ఇక్కడ రేణుక అని ఒక డాక్టరమ్మ ఉంది. సూది వేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. కోలారు పిల్ల, తెలుగు బాగానే మాట్లాడుతుంది. నన్ను తాతా అంటుంది.

పోయిన నెల ఒక గొర్రె ఈనింది. పిల్లకు పై పెదవి చీలి ఉంది, సరిగ్గా మన రమేష బిడ్డకు ఉన్నట్టే. చూడగానే చేతిలోని గడ్డి కింద పెట్టేశాను. డాక్టరమ్మ వచ్చి చూస్తుంటే నేను అన్నాను:

"గ్రహణమొర్రి తల్లీ. గ్రహణం పట్టినప్పుడు ఈ గొర్రె ఏదో కొరికి ఉంటాది."

ఆ పిల్ల పకపకా నవ్వింది. "ఏ గ్రహణం తాతా?"

"మొన్న పున్నమికి పట్టింది చూడు, పొద్దుమునిగే యాళ్ళకు. ఆ గ్రహణం."

"అది పోయి ఎన్నాళ్ళయింది? గొర్రె మోసేది ఐదు నెలలు. గ్రహణం విడిచి రెండు నెలలైనాకనే కదా దీన్ని పొట్టేలుతో కలిపినాము. కడుపే కట్టని గొర్రెకు గ్రహణం యాడ తగులుతాది తాతా?"

నాకు రోషం వచ్చింది. "నవ్వద్దు తల్లీ. మా ఇంట్లో ఒక బిడ్డ ఉండాది ఇట్లనే" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. తప్పు అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. ఎవరి బిడ్డ, ఏమైంది అని అడిగింది. చెప్పాను.

ఏం చెప్పానో నువ్వూ విను అక్కా. మా అక్క కోడలు సుజాత, కదిరి దిక్కు పిల్ల. మంచి పిల్ల. గాజులు వేయించిన తరువాత, ఏడో నెల నిండుతుండగా గ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నది కదలకుండా పడుకోవాల్సిన వేళ అది కత్తెర పట్టుకుంది. పుట్టింట్లో పురుడు పోసుకుంది. ఆడబిడ్డ, పెదవి చీలిన బిడ్డ. పేరు పెట్టే పొద్దుకు మావైపునుండి ఒక్కరూ పోలేదు, పేరు పెట్టకుండానే ఆగిపోయింది. మూడో నెలలో తల్లినీ బిడ్డనూ పిలుచుకురావాలి, ఐదో నెల వచ్చినా పిలవలేదు. మా అక్క అంటుంది, "నా మనవరాలి మూతి కోసింది ఆ కత్తెరే, ఆ కత్తెర పట్టుకున్న చెయ్యి నా ఇంట్లో అన్నం వండగూడదు" అని.

ఇవి నీ మాటలే కదా? నేను ఒక్కటీ కలపలేదు.

డాక్టరమ్మ నన్ను లోపలి గదికి తీసుకుపోయింది. అక్కడ అద్దాల సీసాలు వరసగా ఉన్నాయి. కసాయి ఇంటినుండి తెచ్చిన, తల్లి గొర్రెల కడుపులో ఉండిపోయిన పిల్లలు. చూడలేనన్నాను. "ఒక్కటి చూడు తాతా, మీ బిడ్డ కోసం చూడు" అంది.

మొదటి సీసాలో చెనిక్కాయ విత్తనమంత ఉంది. దానికి తల అనేది ఒకటి ఉంది. ముఖం మాత్రం లేదు అక్కా. ముఖం ఉండాల్సిన చోట ముక్కలు ముక్కలుగా ఉబ్బులు ఉన్నాయి, అటు రెండు, ఇటు రెండు, నడుమ ఖాళీ. పక్క సీసాలో దానికన్నా కొంచెం పెద్దది. ఆ ఉబ్బులు దగ్గరికి జరిగాయి. దాని పక్కదానిలో అవి కలిసిపోయాయి. పెదవి వచ్చింది, ముక్కు వచ్చింది. అదంతా నా బొటనవేలు కన్నా చిన్నది.

"గొర్రెకైనా ఎలుకకైనా మనిషికైనా దారి ఇదే" అంది ఆమె. "నాళ్ళు మాత్రం తేడా. మనిషి బిడ్డకు పై పెదవి అతుక్కునేది రెండో నెలలో. నెల తప్పిందని తల్లికి తెలిసీ తెలియని నాళ్ళలోనే. ఆ పొద్దుకు అతుక్కోకుంటే మొర్రి. అతుక్కుంటే అతుక్కున్నట్టే. ఏడో నెలలో కత్తెర కాదు, కొడవలి పట్టుకున్నా అది మళ్ళీ విడిపోదు."

నేను వెంటనే నమ్మలేదు. నీ తమ్ముణ్ణి, ఊరికే నమ్ముతానా? గడ్డి వేస్తూ, పెంట ఎత్తుతూ అదే తలలో తిప్పుకున్నాను. మరునాడు ఆమె రాగానే అడిగాను.

"సరే తల్లీ. చెనిక్కాయంత ముద్దకు ఈడ పెదవి రావాల, ఆడ గిట్ట రావాల అని ఎవరు చెప్తారు?"

"మొదట ఒక్కటే కణం తాతా. అది రెండైతాది, నాలుగైతాది, లెక్కలేనన్ని అయితాయి. అన్నిట్లోనూ ఒకటే రాత ఉంటాది. కంట్లో ఉన్నదే గిట్టలోనూ ఉంటాది."

"ఒకటే రాత అయితే ఒకటి కన్ను, ఒకటి గిట్ట ఎట్లయితాది? నన్ను ఎర్రోణ్ణి చేస్తాండావా?"

ఆమె స్విచ్చులు అంది, తాళాలు అంది. నాకు ఎక్కలేదు. ఇద్దరం విసుక్కున్నాం. తరువాత నాకే తోచింది. అక్కా, ఇది నీకు ఒక్క మాటలో అర్థమవుతుంది, ఎందుకంటే నువ్వు మగ్గం ఇంట్లో పుట్టినదానివి. పడుగులో పోగులన్నీ చీర పొడుగునా ఉంటాయి కదా. ఈ మూలనుండి ఆ మూలకు అవే పోగులు. మరి ఒకచోట బుటా, ఒకచోట నెమలి, కొంగులో వేరే పని ఎట్లా వస్తుంది? పైన జకార్డు పెట్టెలో అట్టలు తిరుగుతాయి. అట్టలో బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పండుకుంటుంది. పోగులు అవే. ఏది లేచింది, ఏది పండుకుంది అన్నదాన్నిబట్టి పని. ఈ మాట చెప్పాను. చేతులు తిప్పి చూపించాను.

డాక్టరమ్మ ఒక మొద్దు మీద కూర్చుండిపోయింది. "అంతే తాతా, అదే. అన్ని రాతలూ అన్నిచోట్లా ఉంటాయి. కంట్లో కొన్ని లేస్తాయి, గిట్టలో వేరేవి లేస్తాయి. కాకపోతే ఒకటి. మీ మగ్గానికి తొక్కేవాడు ఒకడుంటాడు. ఈడ తొక్కేవాడు లేడు. ఒక పోగు లేచి పక్కదాన్ని లేపతాది, అది ఇంకోదాన్ని పండబెడతాది. ఒకదానికొకటి చెప్పుకుంటా పోతాయి."

"దేవుడు తొక్కతాడు" అన్నాను.

"తొక్కనీ తాతా. ఆయప్పను నేనేమీ వద్దనలా. నా అద్దంలో కనపడలా, అంతే."

"మరి మా బిడ్డకు ఎందుకు తప్పింది? ఎవరు చేసిన తప్పు?"

"ఎందుకు తప్పుతాదో మాకే పూర్తిగా తెలీదు తాతా. అన్ని పోగుల్లో ఒకటి ఆలస్యంగా లేచినా చాలు. కొందరికి ఇంటి రక్తంలో వస్తాది, కొందరికి ఊరికే వస్తాది. కానీ ఎప్పుడు తప్పిందో తెలుసు. గాజులు వేసుకోకముందే తప్పింది. గ్రహణానికి శానా ముందే."

అక్కా, ఆ మాట విన్నాక నేను గొర్రెల మధ్య గడ్డి మోపు మీద కూర్చున్నాను, లేవబుద్ధి కాలేదు. ఎన్నాళ్ళుగా ఆ పిల్లను మనం ఏమన్నాం, ఎంతమంది ముందు అన్నాం. ఎవరూ చేయని తప్పు మోస్తూ అది కదిరిలో చెంచాతో బిడ్డకు పాలు పోసుకుంటూ కూర్చుంది.

ఇంకొకటి ఉంది. రమేషా, ఈ ముక్క దగ్గర నీ గొంతు ఆగుతుంది. ఆగొద్దు, చదువు.

అక్కా, గ్రహణం పట్టిన పొద్దు నువ్వు లోపల దర్భలు వెదుకుతున్నావు. నేను గుంతలో ఉన్నాను. ధర్మవరం సేటు మనిషి చీరకోసం వస్తాడని రమేష తొందరలో ఉన్నాడు. మగ్గం మీదనుండి కోసిన చీర వెనక బుటాలనుండి వేలాడే తోక పోగులు ఇంకా కత్తిరించలేదు. వాడే కత్తెర తెచ్చి సుజాత చేతికి ఇచ్చాడు. "గ్రహణం కదప్పా" అని ఆ పిల్ల వెనక్కి జరిగింది. "ఏమీ కాదులేమ్మే, కొంచేపే, మా యమ్మకు తెలీదులే" అన్నాడు. నేను విన్నాను. బిడ్డ పుట్టాక ఆ పిల్ల నోరు విప్పి మొగుడి పేరు చెప్పలేదు. వాడూ చెప్పలేదు.

నీ కొడుకు మీద అరవడానికి ముందు మిగతాది విను. రమేషా, నువ్వు కూడా విను. నీ గొంతులో అడ్డం పడి ఉన్నది ఏమిటో నాకు తెలుసు. నా బిడ్డ మూతి నేనే కోశానని నువ్వు అనుకుంటున్నావు. అందుకే కదిరికి పోవు. అమ్మ వద్దంటుంది అనేది ఊరికే సాకు. ఏమీ కాలేదురా. నువ్వు కత్తెర ఇచ్చే పొద్దుకు ఆ పెదవి ఎప్పుడో అయిపోయిన పని. నువ్వు చేయలేదు, అది చేయలేదు. భయం వదిలిపెట్టు. బిడ్డ రూపు కోసం భయపడేది అయిపోయింది. ఇక నీ పెళ్ళాం ముఖం చూడడానికి సిగ్గుపడు చాలు.

అక్కా, ఇప్పుడు నీ చేతి వేలు నీ ముక్కు కింద పెట్టుకో. పెట్టుకున్నావా? పెదవి మీద నడుమ ఒక గాడి ఉంది కదా, దానికి అటూ ఇటూ రెండు గట్లు. అది అతుకు జాడ అంట. నీకుంది, నాకుంది, చచ్చిపోయిన నాయనకూ ఉండేది. మనిషన్నవాడికి ప్రతి ఒక్కడికీ ముఖం ముక్కలుగా వచ్చి అతుక్కున్నదే. మనకు అతుకు కుదిరింది. ఆ బిడ్డకు ఒకచోట కుదరలేదు. తేడా అంతే.

మన వీధిలో పడుగు అతకాలంటే ఎవరిని పిలిచేవాళ్ళు? నిన్నే. వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పోగుకు కొత్త పోగు మెలిపెట్టి, పొద్దంతా తల ఎత్తకుండా వేల పోగులు అతికేదానివి. ఒక్కోసారి పోగు జారేది. నువ్వు ఏం చేసేదానివి? పడుగు పడుగంతా పెంట మీద పారేశావా? పక్కన కండెలు చుట్టుకుంటున్న ఆడమనిషిని తిట్టావా? మళ్ళీ అతికేదానివి. చీర కట్టుకున్నవాళ్ళకు ఆ చోటు యాడుందో కూడా తెలిసేది కాదు.

ఇక్కడ పెదవులు కుట్టే ఆసుపత్రి ఉంది. డాక్టరమ్మ వాళ్ళతో మాట్లాడింది. బిడ్డ మూడు నెలలు దాటి, బరువు పట్టి ఉంటే కుడతారంట. సుజాత నాన్నతో ఫోనులో మాట్లాడాను. బిడ్డ చెంచాతోనే తాగి బరువు పట్టిందన్నాడు. అంగిలి బాగానే ఉందంట. అదంతా ఆ పిల్ల ఓపిక. వచ్చే అమావాస్య వెళ్ళిన సోమవారం నేను గోరంట్ల మీదుగా కదిరికి పోతాను. తల్లినీ బిడ్డనూ తీసుకుని మరునాడు ఇక్కడికి వస్తాను. రమేషా, ఆ మంగళవారం పొద్దున్నే కదిరి బస్టాండులో ఉండు. తండ్రి సంతకం పెట్టాలి. నువ్వు రాకుంటే తాత అని నేనే పెడతాను, అది నీ మర్యాద.

ఆ గొర్రెపిల్ల సంగతి చెప్పడం మరిచాను. బతికింది. నేనే సీసాతో పాలు పడుతున్నాను. పుట్టిన పొద్దు తల్లి దాన్ని వాసన చూసి, చీలిన మూతిని నాకి నాకి తుడిచింది. పక్కకు తోయలేదు. గొర్రెకు పంచాంగం తెలియదు కదా.

కుట్టించిన తరువాత వాళ్ళను మన ఇంటికే తెస్తాను. నువ్వు గడపలో ఎర్రనీళ్ళు తీసి లోపలికి పిలవాలి. ఆ పిల్ల వండి వడ్డిస్తేనే నేను నీ ఇంట్లో కూర్చుంటాను. లేకుంటే గడప బయటనుండే నీకు మొక్కి, వచ్చిన బస్సుకే తిరిగిపోతాను. నా మొండితనం నీకు కొత్త కాదు. నువ్వు పెంచిందే.

వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. ఎదురింటి హనుమక్కకు కంటి ఆపరేషను బాగా అయిందా అని అడిగానని చెప్పు. నీ మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకో. నన్ను మనసులో దీవించు. అలిసిపోయిన ఒంటికి అది ఒక్కటే మందు. చెనిక్కాయల పొడి మరవొద్దు.

నీ తమ్ముడు
నారాయణప్ప

ఇంకొక్కటి. ఆసుపత్రిలో బిడ్డ పేరు అడుగుతారంట. కదిరి వాళ్ళు ఇంకా పెట్టలేదు, నాయనమ్మ వచ్చి పెడుతుందని కాచుకుని ఉన్నారు. నువ్వు ఏ పేరు అనుకుంటే అది రమేషతో చెప్పి పంపు. ఏదీ రాకుంటే నేను గంగమ్మ అని రాయిస్తాను.